నాపరాయి మీద 6.9, మట్టిలో 1.6

పల్నాడులో ఒక సిమెంటు ఫ్యాక్టరీకి సున్నపురాయి తవ్వే గని పక్కన ఒక ఊళ్లో, జూన్ నుంచి సెప్టెంబరు దాకా నాలుగు నెలలు బ్లాస్టింగ్ ప్రకంపనలు, శబ్దం కొలిచాను. మైనింగ్ ఇంజనీరింగ్ చదివి, ఇలాంటి కొలతలు తీసే చిన్న బృందంలో చేరిన రెండో ఏడు అది. గని పేరు, ఊరి పేరు రాయను. అక్కడ నేర్చుకున్నది మాత్రం వివరంగా రాస్తాను. క్వారీల పక్కన బతికే ఊళ్లు మనకు చాలా ఉన్నాయి. ఈ ప్రకంపనలు కొలిచే మిషన్ ఏం చెబుతుందో ఆ ఊళ్లవాళ్ల దగ్గర కూర్చుని చెప్పేవాళ్లు తక్కువ.

మొదటి రోజే తప్పు చేశాను.

పేల్పుడు జరిగే చోటు చుట్టూ 500 మీటర్లు ప్రమాద ప్రాంతం. సైరన్ మోగాక అందులో మనిషి ఉండకూడదు. ఆ సీజన్‌లో తవ్వుతున్న బెంచీ నుంచి, అంటే గనిలో రాయిని మెట్టులా కోసే చోటు నుంచి, 520 మీటర్ల దూరంలో ఒక మామ్మ ఇల్లు ఉంది. ఆ గీత దాటాక వచ్చే మొదటి ఇల్లు అదే. వసారా ముందు నాపరాళ్లు పరిచి ఉన్నాయి. చదునుగా, శుభ్రంగా కనిపించేసరికి జియోఫోన్‌ను, అంటే నేల కదలికను పట్టే మిషన్ భాగాన్ని, ఒక రాయి మీద పెట్టి, పైన ఇసుక సంచి వేశాను. మధ్యాహ్నం రెండున్నరకు పేల్చారు. తెర మీద 6.9 వచ్చింది. అంటే ఆ చోట నేల అత్యధికంగా సెకనుకు 6.9 మిల్లీమీటర్ల వేగంతో కదిలిందన్నమాట. చుట్టూ పదిమంది ఉన్నారు. ఒక కుర్రాడు ఆ అంకె గట్టిగా చదివాడు. "ఎంత దాటకూడదు?" అని వాళ్ల నాన్న అడిగాడు. "అయిదు" అనేశాను.

రాత్రి గదికి వచ్చి గ్రాఫ్ తెరిస్తే అనుమానం వచ్చింది. అయిదు వందల మీటర్లు నేలలో ప్రయాణించి వచ్చిన అల మామూలుగా నిదానంగా, పొడుగ్గా ఊగుతూ కనిపిస్తుంది. ఇది రంపం పళ్లలా ఉంది, ఫ్రీక్వెన్సీ 40 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు 40 ఊపులు. పొద్దున్నే వెళ్లి ఆ నాపరాయిని చేతివేళ్ల కణుపులతో తట్టి చూశాను. డొల్ల మోత. ఏళ్ల తరబడి చూరు నీళ్లు పడి రాయి కింద మట్టి కొట్టుకుపోయింది. పేల్పుడుకి నేల కదిలింది నిజమే గానీ, దాని మీద ఆ రాయి సొంతంగా ఎగిరెగిరి పడింది. నేను కొలిచింది నేల కదలికను కాదు, రాయి గెంతును.

రెండో పేల్పుడుకి గొయ్యి తీసి మట్టిలో పాతాను. 1.6 వచ్చింది. ఆ సాయంత్రం నన్ను అరుగు మీద కూర్చోబెట్టి అడిగిన మాటలు ఇప్పటికీ చెవుల్లో ఉన్నాయి. "మొన్న ఆరు పాయింట్ తొమ్మిది అన్నావు. ఇవాళ ఒకటి పాయింట్ ఆరు అంటున్నావు. మధ్యలో కంపెనీ వాళ్లు ఏమన్నా ఇచ్చారా బాబూ?" వాళ్ల స్థానంలో నేనున్నా అదే అడిగేవాణ్ణి. ఎంత చెప్పినా మాటలతో తేలదని అర్థమైంది. మూడో పేల్పుడుకి రెండు మిషన్లు తెప్పించాను. ఒకటి అదే నాపరాయి మీద, రెండోది అడుగు దూరంలో మట్టిలో. అందరూ చూస్తుండగానే రాయి మీద 5.8, మట్టిలో 1.7 వచ్చాయి. నన్ను నిలదీసిన పెద్దాయన ఏమీ అనలేదు. వంగి మట్టిలోని జియోఫోన్‌ను వేలితో కదిపి చూశాడు, అది కదల్లేదు. తర్వాత చెప్పుకాలితో నాపరాయి అంచు తొక్కాడు. టక్కుమంది. ఆ టక్కుతో నా మాట కొంత నిలబడింది.

జియోఫోన్ పెట్టడం చూడ్డానికి చిన్న పని. మొత్తం కొలత దాని మీదే ఆధారపడి ఉంటుంది. పునాదికి మూడు మీటర్ల లోపు, కానీ ఇల్లు కట్టేటప్పుడు పోసిన మెరక మట్టిలో కాకుండా, అసలు నేల దొరికే చోటు వెతకాలి. గడ్డపారతో పైపొర తీసి మూరెడు లోతు గొయ్యి చేస్తాం. జియోఫోన్ కింద మూడు మేకులుంటాయి. వాటిని అరచేత్తో నొక్కి దించుతాం, సుత్తితో కొట్టకూడదు. పైన బాణం గుర్తు పేల్పుడు చోటు వైపు చూడాలి. మేస్త్రీల రసమట్టంలో ఉన్నట్టే దాని మీదా చిన్న బుడగ ఉంటుంది. అది మధ్యకు వచ్చాక మట్టి నింపి కాలితో తొక్కి గట్టిపరుస్తాం. లోపల మూడు సెన్సర్లుంటాయి. ఒకటి పైకీ కిందికీ, ఒకటి పేల్పుడు వైపుకీ ఇటూ, మూడోది అడ్డంగా కదలికను పట్టుకుంటాయి. అన్నిటికంటే ఎక్కువ వచ్చినదాన్ని రిపోర్టులో రాస్తాం. పక్కనే కర్రకు మీటరు ఎత్తున మైక్రోఫోన్ కట్టి, గాలి కొట్టకుండా స్పాంజి టోపీ తొడుగుతాం.

పల్నాటి నల్లరేగడిలో ఇంకో చిక్కు ఉంది. జూన్‌లో నేల చెయ్యి పట్టేంత బీటలు వేసి ఉంటుంది. బీట పక్కన పాతితే ఆ మట్టిగడ్డ విడిగా ఊగుతుంది. వానలు పడ్డాక ఆ బీటలే పూడి, అదే చోట కాలు దిగబడుతుంది. అందుకని మొదట్లోనే బీటలు లేని గట్టి చోటు చూసుకుని, నాలుగు నెలలూ అక్కడే కొలిచాను.

ఆ ఇంటి మామ్మ నాతో మొదట పెద్దగా మాట్లాడలేదు. నాలుగో పేల్పుడు రోజున అనుకుంటా, తనే పిలిచింది.

"నాయనా, అది రెండుసార్లు అదురుద్ది. నీ మిషన్ ఒకసారే రాసుకుంటుందా?"

"రెండుసార్లు ఎలా అదురుద్ది మామ్మా?"

"ముందు అరికాళ్ల కింద. ఒక్క గుక్క అయ్యాక తలుపు, తపేలాలు."

గ్రాఫ్ తీసి చూపించాను. నేల అల రాయిలో సెకనుకు రెండు మూడు కిలోమీటర్ల వేగంతో వస్తుంది. 520 మీటర్లు దానికి దాదాపు పావు సెకను దూరం. గాలిలో వచ్చే పీడనం సెకనుకు 340 మీటర్ల చొప్పున నడిచి, సెకనున్నరకు గానీ చేరదు. జియోఫోన్ గీతలు మూడూ ముందు లేస్తాయి, మైక్రోఫోన్ గీత సెకను మీద మరికాస్త ఆగి లేస్తుంది. మామ్మ చెప్పిన ఒక్క గుక్క ఆ కాగితం మీద కొలిచినట్టు ఉంది. గ్రాఫ్‌లో సరిగ్గా ఆ ఖాళీ మీద వేలు పెట్టి "ఇదేనా?" అంది. ఆ రోజు నుంచి ప్రతి పేల్పుడు తర్వాత తెర చూసే ముందే మామ్మను అడిగి రాసుకోవడం మొదలుపెట్టాను. కింద ఎక్కువా, తలుపు ఎక్కువా అని. ఏడో తరగతి చదివే ఆమె మనవడు దానికి నోట్‌బుక్ పెట్టాడు.

ఈ రెండు అదురులనూ ఒకే గాటన కట్టడం వల్లే సగం గొడవలు వస్తాయి. కిటికీ రెక్కలు, రేకులు, తపేలాలు మోగేది ఎక్కువగా గాలి పీడనానికి. అందులో పెద్ద భాగం మన చెవికి వినపడనంత తక్కువ ఫ్రీక్వెన్సీలో ఉంటుంది. ఊళ్లో ఒకతను ఫోన్‌లో యాప్ వేసి కొలిచి, "మీరు 114 డెసిబెల్స్ అంటున్నారు, నాకు 80 కూడా రాలేదు, మీ మిషన్ తప్పు" అన్నాడు. రెండూ వేరు కొలతలు. చెవి వినే తీరుకు సర్దిన డెసిబెల్ తక్కువ ఫ్రీక్వెన్సీని చాలావరకు కోసేస్తుంది. పైగా ఫోన్ మైకు అంత కిందికి పట్టదు. మేము వాడేది కోత లేని లీనియర్ డెసిబెల్, 2 హెర్ట్జ్ దాకా కిందికి పట్టుకునే మైకుతో తీసినది. చెవికి చిన్నగా వినిపించింది కాబట్టి కిటికీకి కూడా చిన్నదే అనుకోవడానికి లేదు.

ఇక పరిమితుల సంగతి. 1997లో డీజీఎంఎస్, అంటే ధన్‌బాద్‌లోని గనుల భద్రత డైరెక్టరేట్ జనరల్, ఒక సర్క్యులర్ ఇచ్చింది. మన దేశంలో గనులన్నీ చూసుకునేది ఆ పట్టికే. గని యాజమాన్యానికి చెందని మామూలు ఇళ్లకు, ప్రకంపన ఫ్రీక్వెన్సీ 8 హెర్ట్జ్ కన్నా తక్కువైతే సెకనుకు 5 మిల్లీమీటర్లు, 8 నుంచి 25 మధ్య అయితే 10, 25 దాటితే 15. చారిత్రక కట్టడాలకు ఇదే వరసలో 2, 5, 10. మొదటి రోజు ఫ్రీక్వెన్సీ చూడకుండా "అయిదు" అన్నాను చూడండి, అది రెండో తప్పు. ఆ ఫ్రీక్వెన్సీకి వర్తించేది 15.

ఒకే వేగానికి మూడు పరిమితులు ఎందుకని ఊళ్లో అడిగారు. ఉయ్యాల ఊపడం అందరికీ తెలుసు కాబట్టి అదే చెప్పాను. ఉయ్యాల వెళ్లి వచ్చే సమయానికి సరిగ్గా తోస్తే చిన్న తోపుకే పెద్దగా ఊగుతుంది. గబగబా తోస్తే చేతులు నొప్పి పుట్టడమే తప్ప ఉయ్యాల కదలదు. ఒకటి రెండంతస్తుల ఇళ్లకు సొంత ఊపు దాదాపు 4 నుంచి 12 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. నేల కూడా అదే లయలో కదిలితే ఇల్లు ఆ కదలికను పెంచుకుంటుంది. అందుకే తక్కువ ఫ్రీక్వెన్సీకి పరిమితి కఠినం. రిపోర్టులో వేగం ఒక్కటే రాసి ఫ్రీక్వెన్సీ రాయకపోతే అది సగం రిపోర్టే.

ఇంకొకటి చెప్పాలి. ఈ పనిలో చాలామంది ఊళ్లో ఒక ప్రదర్శన చేస్తారు. జియోఫోన్ పక్కన పిల్లాణ్ణి గెంతమంటారు. మూడో నాలుగో వస్తుంది. "చూశారా, పిల్లాడి గెంతుకే ఇంత వచ్చింది, పేల్పుడుకి ఒకటిన్నరే" అంటారు. నేనూ ఒకసారి చేశాను. మామ్మ ముఖం చూశాక మళ్లీ చేయలేదు. పిల్లాడి గెంతు అడుగు దూరంలో పుట్టి రెండడుగుల్లో చచ్చిపోతుంది. పేల్పుడు అల వస్తే పునాది మొత్తం, ఇల్లు మొత్తం ఒకేసారి కదులుతుంది. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి జనం నోరు మూయించడం నాకు నచ్చదు.

ఆగస్టు మొదటివారానికి పాతిక పేల్పుళ్ల లెక్కలు చేతికి వచ్చాయి. మామ్మ ఇంటి దగ్గరే కాక, గనివైపు 200, 300 మీటర్లలో మనుషులు లేని చోట్లా, ఊరి అవతల 800 మీటర్లలోనూ మిషన్లు పెట్టాం. దూరాన్ని, ఒకేసారి పేలే మందు బరువు వర్గమూలంతో భాగిస్తే ఒక అంకె వస్తుంది. దాన్నీ ప్రకంపన వేగాన్నీ లాగ్ గ్రాఫ్ మీద పెడితే చుక్కలన్నీ ఒక వాలుగీత చుట్టూ చేరతాయి. ఆ గీత ప్రతి గనికీ వేరు, రాయిని బట్టి, మట్టిని బట్టి మారుతుంది. మా గీత ప్రకారం 100 కిలోల మందుకు 520 మీటర్ల దగ్గర సగటున 1.8 రావాలి. నూటికి తొంభై అయిదు పేల్పుళ్లు 2.7 లోపు ఉండాలి. ఒక్కో బోరులో, అంటే మందు కూరడానికి రాతిలో తొలిచే రంధ్రంలో, పట్టే మందు దాదాపు 100 కిలోలే. 150 మిల్లీమీటర్ల బోరు, పది మీటర్ల పైచిలుకు లోతు, పై మూడున్నర మీటర్లు రాతిపొడితో కూరతారు. మొత్తం బోర్లు 24 ఉన్నా 36 ఉన్నా, ఒక్కోటీ విడిగా పేలేలా మధ్యలో మిల్లీసెకన్ల (సెకనులో వెయ్యో వంతుల) డిలే, అంటే ఆలస్యం, పెడతారు. రెండు బోర్ల మధ్య 8 మిల్లీసెకన్ల ఎడం ఉంటే వేరు పేల్పుళ్ల కింద లెక్క.

ఆ తర్వాతి వారం ఒక పేల్పుడుకి 3.4 వచ్చింది, ఫ్రీక్వెన్సీ 6.8.

ఆ రోజు మామ్మ తెర చూడకముందే, "ఇవాళ కింద బాగా గుంజింది" అంది.

పరిమితి 5. మాది 3.4. రిపోర్టు గడిలో "పరిమితి లోపల" అని రాసి సంతకం పెట్టేయొచ్చు. గనిలో అదే అన్నారు కూడా, "దాటలేదు కదా, టెన్షన్ ఎందుకు?" అని. నాకు మాత్రం నిద్ర పట్టలేదు. 1.8 రావలసిన చోట 3.4 వచ్చిందంటే గనిలో ఏదో మేము అనుకున్నట్టు జరగలేదు. అదేమిటో తెలియకపోతే రేపు 5 దాటదని ఏ ధైర్యంతో చెప్పాలి?

మందు లెక్క చూశాను, ఎక్కువేమీ పడలేదు. బోరు లోతులు సరిగానే ఉన్నాయి. జియోఫోన్ తవ్వి తీసి మళ్లీ పాతి చూశాను, గట్టిగానే ఉంది. చివరికి ఆనాటి డిలే కనెక్షన్ కాగితం ముందేసుకుని ఒక్కో బోరు పేలే సమయం పెన్సిల్‌తో రాశాను. వరసలో బోరుకీ బోరుకీ మధ్య 17 మిల్లీసెకన్లు. వరసకీ వరసకీ మధ్య 42. అప్పటిదాకా రెండు వరసలే పేల్చేవాళ్లు. మొదటి వరస 0, 17, 34, 51, 68, 85. రెండో వరస 42తో మొదలు. 34కీ 42కీ మధ్య 8, 42కీ 51కీ మధ్య 9. పరవాలేదు. ఆ రోజు ఉత్పత్తి తొందరలో మూడో వరస కలిపారు. మూడో వరస మొదటి బోరు 84 దగ్గర పేలుతుంది. మొదటి వరస ఆరో బోరు 85 దగ్గర.

84, 85. ఒక్క మిల్లీసెకను తేడా. తర్వాతిది 101, 102. ఆ తర్వాత 118, 119. వరసకు పన్నెండు బోర్లు, అలా ఏడు జతలు. కాగితం మీద ఒక్కొక్కటే పేలుతున్న బోర్లు నేల దృష్టిలో జతలుగా పేలాయి. 100 కిలోలు అనుకున్నది 200 కిలోలు అయింది. గీత మీద 200 పెట్టి చూస్తే సగటు 3.1. మాకు వచ్చిన 3.4 దాని పక్కనే ఉంది. తెల్లారుజామున మూడు గంటలకు ఆ అంకెలు కలిసినప్పుడు పడిన తృప్తి అంతా ఇంతా కాదు. వెంటనే మామ్మ అన్న "గుంజింది" గుర్తొచ్చింది. ఆమె అరికాళ్లు ఆ ఏడు జతలనూ పట్టుకున్నాయి.

పొద్దున్నే ఆ కాగితం పట్టుకుని వెళ్లాను. బ్లాస్టర్ చాలా అనుభవం ఉన్నవాడు. రెండు నిమిషాలు చూసి, "ఇన్నేళ్లలో మూడో వరసకు ఈ లెక్క ఎప్పుడూ కట్టలేదు సార్" అన్నాడు. తప్పు దాచుకోలేదు, అది నాకు చాలా గౌరవం అనిపించింది. బోర్ల మధ్య 17 బదులు 25 పెడదామని అనుకున్నాం. అప్పుడు మూడు వరసల్లోనూ ఏ రెండు బోర్ల మధ్యా 8కి తగ్గదు. నాలుగో వరస కలిపితే మాత్రం 125, 126 దగ్గర మళ్లీ కలుస్తాయి, కాబట్టి మూడే. బోరు లోపల మందును పేల్చే డిటొనేటర్లు, లోపలి మందు కాలే సమయాన్ని బట్టి ఆలస్యం ఇచ్చే పద్ధతివి కనుక వాటిలోనూ కొన్ని మిల్లీసెకన్ల తేడాలుంటాయి, కాగితం లెక్క అచ్చంగా నేలలో జరగదు. అయినా కాగితం మీదే కలిసిపోయేవాటిని కలవనివ్వడం ఎందుకు? తర్వాతి మూడు వరసల పేల్పుడుకి 1.9 వచ్చింది. ఆ తర్వాతి దానికి 1.7.

సెప్టెంబరులో ఇంకో రోజు దీనికి తలకిందులుగా జరిగింది. నేల కదలిక 1.7 మాత్రమే. ఊరు మాత్రం ఉలిక్కిపడింది. మామ్మ ఇంట్లో దేవుడి పటం ఒరిగింది. రోజూ 114 డెసిబెల్స్ దగ్గర ఉండే పీడనం ఆ రోజు 126. ఆరు డెసిబెల్స్ పెరిగితే పీడనం రెట్టింపు. పన్నెండు పెరిగిందంటే నాలుగింతలు. ఆ రోజు ముసురు, మబ్బు బాగా కిందికి దిగి ఉంది, గాలి గని నుంచి ఊరివైపు. అలాంటి వాతావరణం శబ్దాన్ని పైకి పోనివ్వకుండా కిందికి వంచి ఊరి మీదికి తోస్తుంది. దానికితోడు నీళ్లు నిండిన రెండు బోర్లలో కూరిన పొడి బురదై నిలవలేదు. తుపాకీ గొట్టంలోంచి వచ్చినట్టు పైకి తన్నుకొచ్చింది. అమెరికా బ్యూరో ఆఫ్ మైన్స్ 1980లో సూచించిన 133 డెసిబెల్స్ పరిమితి కన్నా అది తక్కువే. ఆ మాట ఊళ్లో చెప్పాను గానీ, దాంతో ఆపలేదు. తడి బోర్లకు పొడి బదులు చిన్న కంకర వాడడం, గాలి ఊరివైపు ఉండి మబ్బు కిందికి ఉంటే పేల్పుడు వాయిదా వేయడం, ఈ రెండూ రాతపూర్వకంగా అడిగాను. మొదటిది ఆ వారమే మొదలైంది. రెండోదానికి చాలా బేరం నడిచింది.

పగుళ్ల గురించి అందరూ అడుగుతారు. మామ్మ ఇంట్లో పదకొండు పగుళ్లకు చివర్ల దగ్గర పెన్సిల్ గీత పెట్టి తేదీ వేశాను, మధ్యలో వెడల్పు కొలిచాను. నాలుగు నెలల్లో వాటి వెడల్పు ఎక్కువగా మారింది జూన్ ఎండకూ ఆగస్టు వానకూ మధ్య. నల్లరేగడి ఉబ్బి, కుంగి గోడను ఆడిస్తుంది. పేల్పుడుకి ముందూ వెనకా తీసిన కొలతల్లో నా పరికరానికి తేడా దొరకలేదు. రెండు పగుళ్లు మాత్రం గీత దాటి వేలెడు సాగాయి, వాన వారంలో. దీన్ని బట్టి పేల్పుళ్ల వల్ల ఆ ఇంట్లో ఎప్పుడూ పగులు రాలేదని నేను రాయలేదు. నేను రాకముందు పదేళ్లలో ఏం జరిగిందో నా మిషన్‌కు తెలియదు. ఆ మాట కూడా రిపోర్టులో పెట్టాను. తీసెయ్యమన్నారు. తియ్యలేదు.

వెళ్లే ముందు పంచాయతీ ఆఫీసు గోడకు ఒక నల్లబోర్డు పెట్టించగలిగాం. తేదీ, సమయం, దూరం, ఒకేసారి పేలిన మందు, వేగం, ఫ్రీక్వెన్సీ, డెసిబెల్స్, ఏడు గడులు. గనివాళ్లు మిషన్ చూసి రాస్తారు, మామ్మ మనవడు తన నోట్‌బుక్‌తో పోల్చుకుంటాడు.

పోయిన నెల వాడు ఫోన్ చేశాడు. "అన్నా, నిన్నటి దానికి 2.8 అని రాశారు. ఫ్రీక్వెన్సీ గడి ఖాళీగా వదిలేశారు. వెళ్లి అడగనా?"

అడగమన్నాను.